పచ్చి పాల వెన్నకు బలం ఎక్కువా?

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల. మాకు గేదె ఉంది. మా అత్తగారు ఎప్పుడూ పాలు కాచి, తోడుపెట్టి, చిలికి వెన్న తీసేవారు. పచ్చి పాలు తోడేసి తీస్తే బలం ఎక్కువని ఎవరో చెప్పడంతో ఈమధ్య అలాగే చేస్తున్నారు. నేనూ తింటున్నా. బిడ్డకేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి పాత పద్ధతే మంచిదమ్మా. మళ్లీ దానికే వచ్చేయమనండి. పాలు కాచినంత మాత్రాన వెన్నలోని కొవ్వు ఎక్కడికీ పోదు, చచ్చేది క్రిములే. గేదె చూడ్డానికి నిక్షేపంలా ఉన్నా దాని పచ్చి పాలలో బ్రూసెల్లా, లిస్టీరియా వంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. పెరుగు పులిస్తే అవి చస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. చిలికాక వెన్నలోనూ మజ్జిగలోనూ మిగలొచ్చు, కాబట్టి ఆ మజ్జిగ కూడా వద్దు.

లిస్టీరియా వల్ల తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులే ఉన్నా, గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. పైగా అది ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది. ఇక బ్రూసెల్లా. మీ గేదె ఎప్పుడైనా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండానే దానికి గర్భం పోయిందా? అయితే అది బ్రూసెల్లా వల్ల కావచ్చు, పశువైద్యుడితో పరీక్ష చేయించండి. ఈనినప్పుడు మాయను మీరు అస్సలు ముట్టుకోకండి.

పాలు పొంగి మరిగాకే దించి, కాచిన పాల పెరుగుతోనే తోడుపెట్టాలి. కవ్వాన్ని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. అన్నీ సరిగ్గా చేసి, చివర్లో వెన్న కడగడానికి మాత్రం బోరు నీళ్లు పోసేస్తుంటారు! అక్కడా కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. ఇప్పుడున్న వెన్నను పారేయక్కర్లేదు, బాగా మరగకాచి నెయ్యి చేసుకోండి.

బలం సంగతంటారా, 5 గ్రాముల చెంచా వెన్నలో దాదాపు 35 క్యాలరీలుంటాయి, అదీ కొవ్వు నుంచే. మీకిప్పుడు కావాల్సిన ప్రొటీన్, కాల్షియం చాలావరకు మజ్జిగలోనే ఉండిపోతాయి. కాచిన పాల మజ్జిగ రోజూ తాగండి. వెన్న ఒకటి రెండు చెంచాలు చాలు.

ఇప్పటికే తిన్నదాని గురించి కంగారు పడకండి. ఏ లక్షణాలూ లేకపోతే సాధారణంగా పరీక్షలు అవసరం లేదు. అయితే ఈ ఇన్ఫెక్షన్లు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. రాబోయే రెండు నెలల్లో జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా ఆ రోజే మీ డాక్టర్‌ను కలవండి. పచ్చి పాల వెన్న తిన్నానని మీరే ముందుగా చెప్పండి. చాలామంది ఆ మాట చెప్పరు, మాకేమో మామూలు వైరల్ జ్వరంలా కనిపిస్తుంది.