దురదగొండి, దూలగొండి, ‘కుట్టే రేగుట’

సందేహం: అయ్యా, మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర పల్లె. ఇంటి వెనక దొడ్డిలో కంచెకు దురదగుంటాకు తీగ అల్లుకుంది. పీకేద్దామనుకుంటుంటే మా అబ్బాయి ఫోన్లో ఒక తెలుగు వ్యాసం చూపించాడు. ‘తోటలో కుట్టే రేగుట ఉండటం మంచిది, లేత ఆకులతో సూప్, టీ చేసుకోవచ్చు, మొక్కలకు ఎరువుగా వాడొచ్చు’ అని ఉంది. బొమ్మలో ఆకు మా తీగ ఆకులాగే అనిపించింది. రేగుట అంటే ఇదేనా? దీని సరైన పేరు దురదగొండా, దూలగొండా, దురదగుంటాకా? అసలు ఆకు ‘కుట్టింది’ అనవచ్చా?

సమాధానం: ముందు ఒక మాట. ఆ వ్యాసాన్ని నమ్మి మీ కంచె మీది ఆకు కోసి పొయ్యి మీద పెట్టకండి. వ్యాసంలో చెప్పిన మొక్క వేరు, మీ దొడ్లో ఉన్నది వేరు. ఈ తికమకంతా పేరు వల్ల వచ్చింది కాబట్టి ‘రేగుట’ నుంచే మొదలుపెడతాను.

రేగుట అనే మొక్క తెలుగులో లేదు. చేయుట, పోవుట లాగా అది ‘రేగు’ అనే క్రియకు వచ్చిన రూపం. చెలరేగడం, గాయం రేగడం, జుట్టు రేగడం అంటామే, ఆ రేగడమే రేగుట. ఇంగ్లీషులో ఈ మొక్కను నెటిల్ అంటారు. అదే మాట వాళ్లకు క్రియ కూడా, చిరాకు పుట్టించడం అని అర్థం. అనువాదం చేసే యంత్రం మొక్కను వదిలి క్రియను పట్టుకుని ఉంటుంది. దానికి తోడు మనకు రేగుచెట్టు ఉండనే ఉంది. ‘రేగుట ఆకుల టీ’ అని చదివిన మనిషి రేగాకులు కోసి మరగబెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. కథలో మాట తప్పితే చదివేవాడు కాసేపు తడబడతాడు, అంతే. తిండి గురించో మందు గురించో రాసేటప్పుడు తప్పితే అది కడుపులోకి పోతుంది. అందుకే ఇలాంటి వ్యాసాలను చూసీ చూడనట్టు వదిలేయకూడదంటాను.

ఇక ఆ నెటిల్ సంగతి. అది చలి ప్రాంతాల మొక్క. యూరప్‌లో ఇళ్ల వెనక, పొలం గట్ల మీద గుంపులుగా లేస్తుంది. మన దేశంలో హిమాలయాల వైపు ఉంది. ఉత్తరాఖండ్‌లో దాన్ని బిచ్ఛూ ఘాస్, అంటే తేలు గడ్డి అంటారు. గఢ్వాల్‌లో కండాలీ అని కూర వండుతారు. నేపాల్‌లో సిస్ను అంటారు, లేత చిగుళ్లతో పులుసులాంటిది కాస్తారు. దాని ఆకుల మీద, కాడల మీద బోలుగా ఉండే సన్నటి వెంట్రుకలు ఉంటాయి. తగలగానే కొన విరిగి, లోపలి ద్రవం చర్మంలోకి దిగి మంట పుడుతుంది. వేడినీళ్లలో ఉడికించినా, బాగా ఎండబెట్టినా ఆ గుణం పోతుంది. అందుకే వాళ్లు చేతులకు తొడుగులు వేసుకుని కోస్తారు, ఉడికించి తింటారు. నత్రజని ఎక్కువున్న ఆకు కనక నీళ్లలో కొన్నాళ్లు ఊరబెట్టి, ఆ నీళ్లను పదింతలు పలచన చేసి మొక్కలకు పోస్తారు. మీరు చదివిన ఉపయోగాలన్నీ నిజమే, కానీ అవి ఆ మొక్కవి.

మన వైపు దురదగొండి అనే పేరు కనీసం రెండు మొక్కలకు ఉంది. ఒకటి చిక్కుడు జాతి తీగ. మూడేసి ఆకులు, వేలాడే ఊదారంగు పూలగుత్తులు, వంపు తిరిగిన కాయలు ఉంటాయి. దురదంతా ఆ కాయల మీది గోధుమరంగు నూగులోనే ఉంది. నల్లమలలో పొదల మీద పాకుతూ కనిపిస్తుంది. సంస్కృతంలో కపికచ్ఛువు, అంటే కోతికి దురద పుట్టించేది. దూలగొండి గింజలని ఆయుర్వేద మందుల కొట్లో అమ్మేవి దీనివే. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా అనే పదార్థం ఈ గింజల్లో సహజంగానే ఉంది. అంత బలమైన గింజను సొంత వైద్యంగా వాడకూడదు.

రెండోది ఆముదం కుటుంబానికి చెందిన సన్నటి తీగ. ఆకు అంచు రంపంలా ఉంటుంది. కాయ మూడు గదులతో ఆముదం కాయకు చెల్లెలిలా ఉంటుంది. ఆకు, కాడ, కాయ అన్నిటి మీదా నూగే. బొమ్మలోని నెటిల్ ఆకుకు దగ్గరగా కనిపించేది ఇదే. మీ కంచె మీద ఉన్నది ఇదేనని నా అనుమానం. దీని నూగులో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అంటాం కదా, ఆ కంద దురదకూ ఈ సూదులే కారణం. కందనైతే చింతపండు వేసి ఉడికించి తింటున్నాం కనక దీన్నీ అలాగే తినవచ్చని మాత్రం అనుకోకండి.

రెండు మొక్కలకు ఒకే పేరేమిటని అడగవచ్చు. మన సీమలో ముళ్లున్న పొద ఏదైనా కంపే. తుమ్మకంప, రేగుకంప, బలుసుకంప. దురదగొండి కూడా అలాంటి మాటే. ఒంటికి తగిలి దురద పుట్టించేదల్లా దురదగొండే. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడేవాళ్లు తురికె సొప్పు అంటారు, దురదాకు అనే అర్థం. ఊళ్లో మనుషులకు ఆ పేరు చాలు. తగలకుండా తప్పుకోవడానికి అంతకు మించి తెలియనక్కర్లేదు. వంటకో వైద్యానికో వాడబోయేటప్పుడు మాత్రం ఆ పేరొక్కటే చాలదు.

రూపాల విషయానికొస్తే, దురదగొండి, దూలగొండి రెండూ సరైనవే. దూల అన్నా దురదే. ‘వాడి దూల తీరింది’ అనే తిట్టులో ఉన్నదీ అదే దూల. కడప, చిత్తూరు వైపు దురదను నవ అంటారు, ‘ఒళ్లంతా నవ పెడుతోంది’ అని. పేరు చివరి ‘గొండి’ తేలు కొండిలోని కొండి అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. కూర, కాయలు కలిసి కూరగాయలు అయినట్టే ఇక్కడా కకారం గకారమైంది. దురదగొండి ఆకు నోటిలో నలిగి దురదగొండాకు, దురదగుండాకు, చివరికి మీ దురదగుంటాకు అయింది. మాట్లాడేటప్పుడు దానికి వంక పెట్టనక్కర్లేదు, మన ఊళ్లలో బతికున్న మాట అదే. రాసేటప్పుడు మాత్రం దురదగొండి అని రాయండి. ఎందుకంటే ‘గుంటాకు’ అని కుదిస్తే తలనూనెలో కాచే గుంటగలగరాకుతో కలిసిపోతుంది.

చివరిది, ‘కుట్టింది’. తేలు కుడుతుంది. తేనెటీగ, చీమ, దోమ కూడా కుడతాయి. పాము కరుస్తుంది, అదీ పేరెత్తడం ఇష్టంలేక ‘పురుగు ముట్టింది’ అనేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ముల్లు గుచ్చుకుంటుంది. మన మీదికి తానుగా వచ్చే ప్రాణికే తెలుగు ‘కుట్టడాన్ని’ ఇచ్చింది. ఆకు కదలదు, మనమే పోయి తగులుతాం. కాబట్టి ‘దురదగొండి తగిలింది’, ‘ఆకు రాసుకుంది’, ‘నూగు అంటుకుంది’ అనండి. నెటిల్ వెంట్రుక నిజంగానే సూదిలా దిగినా ‘కుట్టే మొక్క’ అనేది ఇంగ్లీషు వాడుకే.

అనువాదం చేసేవాళ్లు కథలో, ప్రయాణ వ్యాసంలో నెటిల్‌ను హాయిగా దురదగొండి అనవచ్చు. వంట, మందు, ఎరువు సంగతులైతే మొదటిసారి ‘నెటిల్ అనే చలిదేశపు దురదగొండి’ అని రాసి, ఆ తర్వాత నెటిల్ అనే ఉంచాలి. మన దగ్గరి మొక్క అది కాదని ఒక వాక్యం కూడా చేర్చాలి. మీ తీగను పీకడానికి మందపాటి తొడుగులు వేసుకోండి. నూగు అంటితే గోకకండి, ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ టేపు అతికించి లాగి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.