కొత్తగా క్లినిక్ పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు అత్తయ్య ఆశీస్సులు.

టెక్సస్‌లో పిల్లల క్లినిక్ పెడుతున్నావనీ, గోడలకు ఏ రంగు వేయించాలా అని తెగ ఆలోచిస్తున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రంగుల సంగతి మీ అమ్మకు వదిలెయ్. న్యూజెర్సీలో పాతికేళ్లు డాక్టర్ల బిల్లింగ్ చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసిన విషయం రాస్తాను. నీ హస్తవాసి ఎంత మంచిదైనా ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం నువ్వు పది అంకెల ఎన్‌పీఐవే, అంటే అమెరికాలో డాక్టర్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరువే.

ఒకే నంబరుతో పని జరగడం నీకు మామూలే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పెద్దవయసువాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్‌కు ఒక నంబరు, పేదల బీమా మెడికెయిడ్‌కు ఇంకొకటి, ప్రైవేటు కంపెనీల్లో ఎవరిది వారిదే. నా సొరుగులో అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి ఉండేది. అందులో ఒక్క డాక్టరు పేరు కిందే పద్నాలుగు నంబర్లు. 1996లో వచ్చిన హిపా అనే ఆరోగ్య బీమా చట్టం, ఒక్కో డాక్టరుకు అన్ని చోట్లా ఒకటే నంబరు ఉండాలంది. నియమం 2004 జనవరిలో వచ్చింది, దరఖాస్తులు 2005 మేలో మొదలయ్యాయి, 2007 మే 23 గడువు. చిన్న బీమా సంస్థలకు ఇంకో ఏడాది ఇచ్చారు. గడువు దగ్గరపడినా చాలామంది సిద్ధం కాలేదు. ప్రయత్నం చేస్తున్నామని చూపించగలిగితే చాలు, ఏడాది పాటు జరిమానా లేదని ప్రభుత్వమే వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ ఏడాది నేను మరిచిపోలేను. మా డాక్టరుకు రెండు ఆఫీసులు, ఒక కంపెనీ దగ్గర రెండు పాత నంబర్లు. కొత్తది ఒక్కటే. ఆ కంపెనీ పట్టికలో కొత్త నంబరుకు ఎదురుగా ఒక పాత నంబరే ఎక్కించారు. రెండో ఆఫీసు చెక్కులు ఆరు వారాల పాటు ఎప్పుడో ఖాళీ చేసిన చిరునామాకు వెళ్లాయి. అక్కడ కొత్తగా చేరిన పూల దుకాణం ఆయన వాటిని రబ్బరు బ్యాండు చుట్టి దాచి ఉంచబట్టి సరిపోయింది.

ఇంకో విచిత్రం విను. డాక్టర్లకు నంబర్లు పెట్టించిన చట్టమే బీమా కంపెనీలకూ ఒక ప్రామాణిక నంబరు ఉండాలంది. 2012లో నియమం వచ్చింది, 2014లో అమలు ఆపారు, 2019లో ఏకంగా రద్దు చేశారు. మన మెడలో బిళ్ల కట్టించి తాము మాత్రం కట్టుకోలేదు.

ఇక నీ సంగతి. కొత్త నంబరు కోసం దరఖాస్తు చేయకు. ఆసుపత్రి శిక్షణకు, అదే రెసిడెన్సీలో చేరినప్పుడే నీకు వచ్చి ఉంటుంది. ఎన్‌పీఐ రిజిస్ట్రీలో నీ పేరు కొట్టి చూడు. ఆ నంబరు జీవితాంతం నీదే. రాష్ట్రం మారినా, పెళ్లై పేరు మారినా నంబరు మారదు. కానీ రికార్డులో నువ్వు ఇంకా ఒహాయో ఆసుపత్రి చిరునామాలో, 390200000ఎక్స్ అనే ట్యాక్సానమీ కోడ్ (ఏ రకం డాక్టరో చెప్పే కోడ్) కింద ఉండే అవకాశం ఎక్కువ. ఆ కోడ్‌కు అర్థం శిక్షణలో ఉన్న విద్యార్థి అని. పిల్లల డాక్టరుది 208000000ఎక్స్. అది మార్చకుండా క్లెయిము, అంటే వైద్యానికి డబ్బు అడిగే బిల్లు పంపితే, విద్యార్థికి డబ్బులేమిటని తిప్పికొట్టే కంపెనీలు ఉన్నాయి. ఏ వివరం మారినా 30 రోజుల్లో రికార్డులో మార్చాలని నియమం కూడా ఉంది.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు పేరుతోనే. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఒకటి. రెండు ముక్కల పేర్లు ఇంకో తంటా. నాగలక్ష్మి అనే అమ్మాయి పాస్‌పోర్టులో నాగ లక్ష్మి అవుతుంది, మెడికల్ లైసెన్సులో లక్ష్మి కాస్తా మధ్యలో ఒక పొడి అక్షరమవుతుంది, సోషల్ సెక్యూరిటీ కార్డులో రెండూ అతుక్కుపోతాయి. కంప్యూటరుకు ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు. లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఎన్‌పీఐ రికార్డు మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం పోల్చు. పాత పేరు నమోదు చేయడానికి రికార్డులో వేరే చోటు ఉంది, వాడుకో.

క్లినిక్‌ను కంపెనీగా రిజిస్టరు చేశావు కాబట్టి దానికి సంస్థల రకం నంబరు విడిగా తీసుకోవాలి. పైసా ఖర్చు లేదు. ఎవరైనా రుసుము కట్టమని ఉత్తరం రాస్తే చింపెయ్. క్లెయిము పంపే సీఎంఎస్-1500 ఫారంలో పిల్లను చూసిన డాక్టరుగా నీ నంబరు 24జె గడిలో, డబ్బు అందుకునే క్లినిక్ నంబరు 33ఎ గడిలో వేయాలి. ఈ రెండూ తారుమారు చేసిన ఫారాలు నేను గుట్టలుగా చూశాను. అంకె తప్పు పడితే సాఫ్ట్‌వేర్ చాలావరకు పట్టేస్తుంది. పదో అంకె మొదటి తొమ్మిదింటిని లెక్కగట్టి వేసినదే, క్రెడిట్ కార్డుకు చేసినట్టు. కానీ సరైన నంబరు తప్పు గడిలో పడితే ఆ లెక్క పట్టుకోలేదు.

చిరునామా విషయంలో జాగ్రత్త. రిజిస్ట్రీ అందరికీ కనిపిస్తుంది. క్లినిక్ ఇంకా తయారు కాలేదని ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు వేశావో, రాత్రి పదింటికి కూడా అమ్మేవాళ్లు ఫోన్ చేస్తారు. ఉత్తరాలు వచ్చే చిరునామాకు పోస్టు బాక్సు తీసుకో.

నంబరు ఉంది కదా అని ఎవరూ డబ్బు ఇవ్వరు. అది నువ్వెవరో చెబుతుంది, అంతే. ఒక్కో కంపెనీ నిన్ను విడిగా పరిశీలించి ఒప్పందం రాసుకోవాలి. దానికి నెలలు పడుతుంది, అద్దె మొదలవకముందే ఆ పని మొదలుపెట్టు. ఒప్పందం అయ్యాక ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగు: నా నంబరు క్లినిక్ నంబరుతో ముడిపడిందా, ఏ తేదీ నుంచి, చెల్లింపులు ఏ చిరునామాకు? చెప్పినవారి పేరు, సంభాషణ నంబరు రాసిపెట్టుకో. ఇప్పుడు ఆ ఫోన్లు, క్లెయిములు కొన్ని హైదరాబాదులో రాత్రి షిఫ్టు పిల్లలు చూస్తున్నారు. వాళ్ల తెర మీద ఉన్నదే వాళ్లు చెప్పగలరు, వాళ్ల మీద విసుక్కోకు.

తెరిచిన వారం అన్ని క్లెయిములూ ఒకేసారి పంపకు. కంపెనీకి మూడేసి పంపి, చెల్లింపు వివరాలు వచ్చేదాకా ఆగు. వచ్చాక మిగిలినవి.

నీ రికార్డు పేజీ ముద్రించి ఫోటో తీసి ఈ ఆదివారంలోగా నాకు పంపు. కళ్లజోడు మార్చాను, చిన్న అక్షరాలు కూడా ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి.

మీ అత్తయ్య