కార్బురేటర్‌ని చివరగా ముట్టుకో, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ అంబాసిడర్ ఇంజిన్ స్టార్టయిందని చదివి చాలా సంతోషించాను. స్లోలో కొట్టుకుంటోంది, యాక్సిలరేటర్ తొక్కితే దగ్గుతోంది, గాలినీ పెట్రోలునూ కలిపే ఆ రెండు కార్బురేటర్లూ విప్పనా అని అడిగావు. అప్పుడే విప్పకు. బోరు చేయించి, హెడ్ దించి కట్టిన ఇంజిన్ సరిగా ఆడకపోతే అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. నిజానికి దాని వంతు చివర్న వస్తుంది. ముందు ట్యాపెట్ల సందు మాన్యువల్లో ఉన్న కొలతకు పెట్టు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ప్లగ్గులది 25 థౌ. ప్లగ్గుల్లో నిప్పు పడే టైమింగ్ సరిచూసుకో. ఆ తర్వాత గాలి లీకులు. ఇంజిన్ ఆడుతుండగా, కార్బురేటర్ నుంచి ఇంజిన్‌కి గాలి పోయే గొట్టం, అంటే మ్యానిఫోల్డ్, దాని ప్యాకింగ్ అంచుల్లో, కార్బురేటర్లో గాలి తలుపును (త్రాటిల్‌ని) తిప్పే కడ్డీ రెండు చివర్లలో ఆయిల్ క్యాన్‌తో చుక్క చుక్క ఇంజినాయిల్ వెయ్యి. శబ్దం మారిందంటే అక్కడ గాలి లాగుతున్నట్టే. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. పొగ మ్యానిఫోల్డ్ అదే పక్కన, కింద కాలుతూ ఉంటుంది, ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. కడ్డీ బుష్ అరిగిపోయి ఉంటే ఎంత ట్యూన్ చేసినా నిలవదు, లేత్ షెడ్డులో కొత్తది వేయించాల్సిందే.

నీ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజిన్‌కి జంట కార్బురేటర్లు కొత్తేమీ కాదు. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎమ్‌జీఏ స్పోర్ట్స్ కారుకు ఇదే రకం ఇంజిన్ని నీవాటిలాంటి రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో బిగించారు. హెడ్‌లోకి గాలి పోయే దారులు రెండే. ముందుది 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4కు. ఇది గుర్తుంటే ప్లగ్గులు విప్పి చూడగానే ఏ కార్బురేటర్ తేడాగా ఉందో తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిచూశాక కార్బురేటర్లు విప్పి కడిగేటప్పుడు ఒకదాని సామాన్లు ఇంకోదాంట్లో కలవనివ్వకు. పైన మూత, అందులో ఆడే పిస్టన్ ఒకదానికొకటి జత. మారిస్తే పట్టేస్తాయి. పెట్రోలు, మెత్తటి గుడ్డ చాలు, ఎమెరీ పేపర్ దగ్గరికి కూడా రానివ్వకు. పిస్టన్ కింద వేలాడే సూది భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉందో లేదో వేలితో తడిమి చూడు. సూది దిగే పెట్రోలు గొట్టం, అంటే జెట్, దాన్ని పూర్తిగా పైకి ఉంచి, పిస్టన్ ఎత్తి వదిలితే కింద టక్కుమని తగలాలి. ఆ శబ్దం రాకపోతే సూది జెట్‌కు రాసుకుంటోంది, జెట్‌ని మధ్యకు తెచ్చుకోవాలి. మూత నెత్తిన ఉండే డ్యాంపర్‌లో 20 నంబరు ఆయిల్ పొయ్యి. నువ్వు చెప్పిన దగ్గుకు నా అనుమానం దీని మీదే. యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఆ ఆయిలే ఆపుతుంది, అప్పుడే ఇంజిన్‌కి కాస్త ఎక్కువ పెట్రోలు అందుతుంది.

ఇప్పుడు అసలు పని. ముందు గాలి, ఆ తర్వాతే పెట్రోలు. జెట్ కింది నట్టు రెండింటికీ పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి రెండు చుట్లు, అంటే 12 పలకలు (నట్టుకు చుట్టూ ఆరు పలకలుంటాయి), కిందికి దించు. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వు. రెండు త్రాటిళ్ళనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చెయ్యి. మూరెడు రబ్బరు ట్యూబు తీసుకుని ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోట్లో పెట్టి విను. పాము బుసలా వినిపిస్తుంది. ముందుదీ వెనకదీ ఒకే బుస వచ్చేదాకా స్లో స్క్రూలు సర్దు. ఫ్యాన్ బెల్టు వైపు చొక్కా కొసలు, లుంగీ పోకుండా చూసుకో.

బుస సమానమయ్యాక పెట్రోలు. పిస్టన్ ఎత్తే పిన్ను కింద ఉంటుంది, దాన్ని మిల్లీమీటరు లోపే లేపి చూడు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, నట్టు ఒక్క పలక పైకి తిప్పు. వేగం పడిపోయి ఆగబోతే తక్కువ, ఒక్క పలక కిందికి. చిన్నగా పెరిగి మళ్ళీ మామూలుకొస్తే సరిపోయినట్టు. ఒకటి మారిస్తే రెండోదాని మీద ప్రభావం పడుతుంది, అందుకే మళ్ళీ మొదటిదానికి రావాలి. మధ్యలో ప్రతి మూడు నిమిషాలకోసారి ఇంజిన్ని రేజ్ చేసి వదులు, లేకపోతే స్లోలో వేడెక్కి తప్పుడు లెక్క చూపిస్తుంది. అయ్యాక బుస మరోసారి విని, రెండు త్రాటిళ్ళూ ఒక్కసారే తెరుచుకునేలా క్లాంపులు బిగించు. చోక్ వైరుకు కాస్త వదులు ఉంచు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. దానివల్ల మిశ్రమం పలచబడుతుంది, పాత మాన్యువల్ లెక్క కంటే పలకో రెండో ఎక్కువ దించాల్సి రావచ్చు. పాత రబ్బరు పైపులు, సీళ్ళు కూడా దానికి తట్టుకోవు, ఇథనాల్‌కు పనికొచ్చేవే వెయ్యి. మన నెల్లూరు రోహిణి కార్తె ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. కార్బురేటర్లు పొగ మ్యానిఫోల్డ్ నెత్తిన కూర్చుంటాయి, బండి ఆపిన పది నిమిషాలకు పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఉడుకుతుంది. మధ్యలో రేకు అడ్డం తప్పకుండా పెట్టించు. వేడి మీద స్టార్ట్ కాకపోతే యాక్సిలరేటర్ కొట్టకు, ఎస్‌యూలో పంపు ఉండదు కాబట్టి లాభం లేదు. పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టు.

టెస్టుకు హైవే ఎక్కకు, లారీల మధ్య బండి ఆపడం కష్టం. తెల్లవారి మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దాటాక, ఖాళీగా ఉన్నచోట 60లో కొంతదూరం సాగనిచ్చి, క్లచ్ తొక్కి, ఇంజిన్ కట్టేసి పక్కకు ఆపు. ప్లగ్గులు చల్లారనిచ్చి విప్పి చూడు. లేత గోధుమ రంగు రావాలి. తెల్లగా కాలితే పెట్రోలు తక్కువ, మసి పడితే ఎక్కువ. కొత్త రింగులు కుదురుకునేదాకా కొంచెం ఆయిల్ జిడ్డు కనిపిస్తుంది, టెన్షన్ పడకు. 800 కిలోమీటర్లు నడిచాక హెడ్ నట్లు, ట్యాపెట్లు మళ్ళీ చూసి, ఆ తర్వాత ఈ ట్యూనింగ్ మొత్తం ఇంకోసారి చెయ్యి.

నాలుగు ప్లగ్గులూ వరుసగా పెట్టి, ఏది ఏ సిలిండర్‌దో రాసి, పగటి వెలుతురులో ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు.

మీ మామయ్య