తక్కువ వానకు ఏ కనోలా, ఎక్కువ వానకు ఏ కనోలా?

ప్రశ్న: పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ, కనోలా (ఆవ జాతి నూనెగింజ) పండించే ఒక క్షేత్రంలో పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. మా పొలాలు రెండు చోట్ల ఉన్నాయి. లోపలి ప్రాంతంలో ఉన్నదానికి ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లు, తీరానికి దగ్గరగా ఉన్నదానికి 500 మిల్లీమీటర్లు వాన పడుతుంది. విత్తనం కొనడం సులువవుతుందని రెండు చోట్లా ఒకే హైబ్రిడ్ వేద్దామని యజమాని అంటున్నారు. అది సరైనదేనా?

జవాబు: సరైనది కాదని నా అభిప్రాయం. మీ రాష్ట్రంలో ఏడాదికి 325 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే ప్రాంతాన్ని అల్ప వర్షపాత మండలంగా, 325 నుంచి 450 దాకా పడేదాన్ని మధ్యమ మండలంగా, 450 దాటినదాన్ని అధిక వర్షపాత మండలంగా లెక్కిస్తారు. మీ రెండు పొలాలూ ఈ లెక్కకు రెండు కొసల్లో ఉన్నాయి. అయితే రకాన్ని ఎంచుకునేటప్పుడు మొత్తం వాన ఎంత అన్నదాని కంటే, తొలకరి ఎప్పుడు పడుతుంది, చివరి తడి ఎప్పుడు ఆరిపోతుంది అన్నదే ముందు చూడాలి.

కనోలా మరీ ముందుగా పూస్తే లేత కాయలను మంచు దెబ్బతీస్తుంది. ఆలస్యంగా పూస్తే గింజ నిండే సమయానికి ఎండా బెట్టా కలిసి వస్తాయి, దిగుబడితో పాటు నూనె శాతమూ పడిపోతుంది. పూత మొదలైన రోజు నుంచి రోజువారీ సగటు ఉష్ణోగ్రతలను కూడుతూ పోతే, ఆ మొత్తం 100 నుంచి 500 డిగ్రీలకు చేరే మధ్యకాలంలోనే దిగుబడి చాలావరకు తేలిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మీ వాతావరణంలో అది ఇంచుమించు మూడు నాలుగు వారాలు. ఆ కొద్ది వారాలూ మంచుకూ బెట్టకూ మధ్యన పడేలా రకాన్నీ విత్తే తేదీనీ కలిపి నిర్ణయించుకోవాలి.

అందువల్ల లోపలి పొలానికి త్వరగా పూతకు వచ్చే రకాన్ని ఏప్రిల్ చివర్లో వేయండి. తీరం వైపు పొలానికి మధ్యకాలిక రకమో, ఇంకాస్త నెమ్మదైనదో తీసుకుని, తడి దొరికితే ఏప్రిల్ మొదటి సగంలోనే వేయండి. ఒకే రకం రెండు చోట్లా వేస్తే ఎక్కడో ఒకచోట నష్టం తప్పదు: త్వరగా పూసే రకాన్ని తీరం పొలంలో ఏప్రిల్ ఆరంభంలో వేస్తే నడి చలికాలంలోనే (జూన్, జూలైలలో) పూస్తుంది, నెమ్మదైనదాన్ని లోపలి పొలంలో వేస్తే కాయ నిండకముందే నేల ఆరిపోతుంది.

హైబ్రిడ్ విషయంలోనూ నా సలహా రెండు పొలాలకూ ఒకటి కాదు. హైబ్రిడ్ మొలకకు బలం ఎక్కువ, లోతుగా పడిన విత్తనం కూడా పైకి వస్తుంది, మంచి వాన పడితే దిగుబడిలో స్పష్టంగా ముందుంటుంది. కానీ విత్తనం ఏటా కొనాలి, ధర కూడా ఎక్కువ. అట్రజిన్ వంటి ట్రయజిన్ కలుపు మందులను తట్టుకునే సూటి (హైబ్రిడ్ కాని) రకాల విత్తనాన్ని మీ పంట నుంచే దాచుకోవచ్చు. ఆ తట్టుకునే గుణం కిరణజన్య సంయోగక్రియను కొంత మందగింపజేసే మాట నిజమే, దానివల్ల దిగుబడి కొంత తగ్గుతుంది. అయినా తొలకరి సరిగా పడని ఏడాది 300 మిల్లీమీటర్ల నేలలో ఖరీదైన విత్తనం చల్లి పోగొట్టుకోవడం కంటే, దాచుకున్న విత్తనాన్ని 2 మిల్లీమీటర్ల జల్లెడతో పట్టి, పైన నిలిచిన లావు గింజలను వేసుకోవడం క్షేమమని భావిస్తాను. తీరం పొలానికి మాత్రం హైబ్రిడ్ ఖర్చు దండగ కాదు.

ప్రశ్న: తీరం వైపు పొలంలో నాలుగేళ్లుగా బ్లాక్‌లెగ్ తెగులుకు ‘ఆర్’, అంటే పూర్తి నిరోధక శక్తి, రేటింగ్ ఉన్న ఒకే రకాన్ని వేస్తున్నాం. అయినా నిరుడు చాలా మొక్కలు మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోయాయి. రేటింగ్ తప్పా?

జవాబు: రేటింగ్ ఇచ్చిన నాటికి అది తప్పు కాకపోవచ్చు, ఆ తరువాత మీ పొలంలోని శిలీంధ్రం మారి ఉంటుంది. 1970ల తొలినాళ్లలో మీ రాష్ట్రంలో అప్పుడే మొదలైన రేప్‌సీడ్ (కనోలాకు మూలమైన పంట) సాగును ఈ తెగులే దాదాపు తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తరువాతే అక్కడి ప్రజనన శాస్త్రవేత్తలు నిరోధక శక్తి మీద గట్టిగా దృష్టి పెట్టారు. 2003లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ ద్వీపకల్పంలో మరో పాఠం ఎదురైంది. ఒక అడవి జాతి నుంచి తెచ్చిన నిరోధక జన్యువున్న రకాలను వరుసగా వేసిన చోట, ఆ జన్యువును దాటగల శిలీంధ్రం పెరిగిపోయి, కొన్ని పొలాల్లో దిగుబడి 90 శాతం వరకు పోయింది.

ఈ శిలీంధ్రం గత పంట కొయ్యకాళ్ల మీద లైంగికంగా పునరుత్పత్తి జరుపుకుని, వాన పడినప్పుడు గాలిలోకి సిద్ధబీజాలను వదులుతుంది. ఏటా ఒకే జన్యువు ఎదురైతే, దాన్ని దాటగలిగినవే బతికి పెరుగుతాయి. అందుకే అక్కడ రకాలకు రేటింగ్‌తో పాటు, ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలతో నిరోధక వర్గాలను కూడా ప్రకటిస్తారు. మీరు చూడవలసింది ఆ అక్షరాన్ని. రకం పేరు మార్చినా వర్గం అదే అయితే శిలీంధ్రానికి ఏమీ మారినట్టు కాదు. ఈ ఏడాది వేరే వర్గపు రకానికి మారండి. రేటింగ్‌లను పోల్చేటప్పుడు శిలీంధ్రనాశినితో శుద్ధి చేయని విత్తనానికి ఇచ్చిన రేటింగ్‌నే తీసుకోండి, ఎందుకంటే మందు పట్టించిన విత్తనం రకపు అసలు బలాన్ని కప్పేస్తుంది.

కొత్త పంటను నిరుటి కనోలా కొయ్యకాళ్లకు కనీసం 500 మీటర్ల దూరంలో ఉంచండి. సిద్ధబీజాలు అంతకంటే దూరం కూడా వెళ్లగలవు, కానీ ఎక్కువ భాగం ఆ లోపే పడతాయి. మొలక దశ నుంచి నాలుగు ఆకుల దశ వరకు సోకిన తెగులే తరువాత మొదలును కుళ్లబెడుతుంది కాబట్టి ఆ కొద్ది వారాల రక్షణకే విత్తనశుద్ధి ఉద్దేశించింది. 300 మిల్లీమీటర్ల పొలంలో తడి తక్కువ, కనోలా విస్తీర్ణం కూడా తక్కువగా ఉంటే ఒత్తిడి అంత ఉండదు. అక్కడ ‘ఎంఆర్’, అంటే ఒక మోస్తరు నిరోధక శక్తి, రేటింగ్ చాలవచ్చు, మిగిలిన శ్రద్ధను పూతకాలం మీద పెట్టవచ్చు.

ప్రశ్న: స్క్లెరోటీనియా కాండం కుళ్లుకు కూడా ఇలాగే నిరోధక రకాలను ఎంచుకోవచ్చా?

జవాబు: బ్లాక్‌లెగ్‌కు ఉన్నట్టు నమ్మదగిన నిరోధక శక్తి ఆస్ట్రేలియా రకాల్లో దీనికి లేదు. రాలిన పూరేకులు ఆకుల పంగల్లో చిక్కుకుని, వరుసగా తడి ఉంటే తెగులు అక్కడి నుంచి కాండంలోకి పాకుతుంది. తీరం పొలంలో పూత 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు వానలు కొనసాగే సూచన ఉంటే శిలీంధ్రనాశిని పిచికారీ చేయించండి. లోపలి పొలానికి ఆ ఖర్చు చాలా ఏళ్లలో అవసరం రాదు.

బ్లాక్‌లెగ్ గురించి ఒక పని మాత్రం ఈ సీజన్‌లోనే చేయండి. పూత ముగిశాక, పంట కోసి వరుసలు వేయడానికి ముందు, పొలంలో అక్కడక్కడా కలిపి 60 మొక్కలను పీకి, మొదలు దగ్గర కత్తిరించి లోపల చూడండి. కోసిన ముఖంలో సగానికి పైగా నల్లబడిన మొక్కలు ఎన్నో లెక్కపెట్టి, రకం పేరు, వర్గం అక్షరంతో సహా రాసిపెట్టండి. వచ్చే ఏడాది విత్తనం గురించి యజమానితో మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.