అరుగు మీద మూడు సాయంత్రాలు

ప్రశ్న: నా వయసు 38. సొంతూరు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. 2002లో నేను పదో తరగతిలో ఉండగా నాన్న మా మేనత్త కొడుకుతో నా పెళ్ళి ఖాయం చేశాడు. మా లెక్కల మాస్టారు మూడు సాయంత్రాలు ఇంటికి వచ్చి నాన్నను ఒప్పించారు. పరీక్ష ఫీజు ఆయనే కట్టి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు చదివించారు. పోయిన నెల మాస్టారు కాలం చేశారు. పాత విద్యార్థులం కలిసి బడిలో ఆయన విగ్రహం పెట్టాలనుకుంటున్నాం. నేను 50,000 రూపాయలు ఇస్తానన్నాను. అంత ఎందుకని మావారు అంటున్నారు. ఆయనకు చెప్పకుండా ఇస్తే తప్పా?

జవాబు: తప్పేనమ్మా. చెప్పకుండా ఇవ్వాల్సిన అవసరం ఏమొచ్చింది? మీ కష్టార్జితం, మీ గురువుగారు. 'ఇస్తున్నాను' అని భర్త ఎదుటే చెప్పి ఇవ్వండి. దొంగచాటుగా ఇస్తే ఆ మాస్టారికే చిన్నతనం. ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. మీ ఉత్తరం చదివాక నన్ను నిద్రపోనివ్వనిది ఇది కాదు.

ఆరు పేజీలు రాశారు. అందులో ఐదున్నర పేజీలు మాస్టారివే. పరీక్షల ముందు సాయంత్రం స్టడీ అవర్లకు ఆయన ఇంటి నుంచి ఉడకబెట్టిన శనగలు డబ్బాలో తెచ్చి, ముందుగా ఆడపిల్లల చేతుల్లో పోసేవారని రాశారు. కరెంటు పోతే లాంతరు నల్లబల్ల మీదికి ఎత్తి పట్టుకుని లెక్క పూర్తి చేసేవారని రాశారు. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మిగిలిన అరపేజీలో నాన్న. 'మాస్టారే నాకు అసలైన తండ్రి. అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉంటున్నాడు. నేను ఊరికి వెళ్ళి నాలుగేళ్ళయింది' అని తేల్చేశారు.

నేను బడిపంతులు కూతురిని. మా నాన్నగారు కూడా ఇలాగే పిల్లల ఇళ్ళ చుట్టూ తిరిగేవారు. చీకటి పడ్డాక వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో చెప్పేవారు: 'ఈ రోజు ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. అమ్మాయి చదువు నిలబడుతుందిలే.' ఒప్పించింది తానని ఆయన ఒక్కసారి కూడా అనగా నేను వినలేదు. పలానా వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడనే అనేవారు. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో చూడండి.

ఆడపిల్లకు 18 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయకూడదని 1978లోనే చట్టం మారింది. మీకు అప్పుడు పదిహేను. మీ మాస్టారు తలచుకుంటే పోలీసులకు చెబుతానని ఒక్క మాటతో బెదిరించి ఉండవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. మీ ఇంటి అరుగు మీద మూడు సాయంత్రాలు కూర్చున్నారు. మీ నాన్న మాట వింటే మారే మనిషని ఆయన నమ్మారు. మాస్టారి మీద ఇంత భక్తి ఉన్న మీరు, ఆయన నమ్మిన మనిషిని మాత్రం నమ్మలేకపోతున్నారు.

పైగా మీ నాన్న మాట ఇచ్చింది బయటివాళ్ళకు కాదు, తోడబుట్టిన అక్కకు. ఆ మాట వెనక్కి తీసుకున్నాక మేనత్త మీ గడప తొక్కలేదని, తాతయ్య కర్మలకు కూడా రాలేదని మీరే రాశారు. 2001 జనాభా లెక్కల నాటికి మన ఉమ్మడి రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్ళు సగానికి సగమే. అలాంటి రోజుల్లో, మెట్ట పొలం నమ్ముకుని బతికే ఒక రైతు కూతురి చదువు కోసం అక్కను దూరం చేసుకున్నాడు. మాస్టారు నాలుగో సాయంత్రం తన ఇంటికి తాను వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు, బంధువులు అన్న మాటలన్నీ పడింది మీ నాన్నే.

పదిహేనేళ్ళ పిల్లకు పెళ్ళి తలపెట్టడం ఒప్పని నేను అనను. అది తప్పే. ఆ తప్పు మీకు తగిలిన చోట ఇప్పటికీ నొప్పి ఉంటుంది. ఆ కోపం మీ హక్కు, దాన్ని ఆయన ముఖాన అడగండి కూడా. కానీ మాస్టారి పట్ల కృతజ్ఞతను నాన్న మీద కర్రలా ఎత్తకండి. అది నేను సహించలేను.

పాలిటెక్నిక్‌లో చేర్చడానికి నాన్న మీ రేకు పెట్టె భుజాన పెట్టుకుని బస్‌స్టాండు దాకా నడిచాడని, దారి పొడుగునా ఒక్క మాటైనా మాట్లాడలేదని నిష్ఠూరంగా రాశారు. నేను ఆ వాక్యం మూడుసార్లు చదివాను. మీకు ఆయన మౌనం గుర్తుంది. నాకు ఆ పెట్టె కనిపిస్తోంది. అక్కతో తెగతెంపులైన మనిషి, పట్టపగలు ఊరు నడిబొడ్డున, కూతురి పెట్టె మోసుకుంటూ నడిచాడు. ఊరంతా చూస్తుండగా ఆయన ఇచ్చిన జవాబు అది. నోటితో చెప్పడం ఆయనకు రాలేదు.

విగ్రహం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మీ డబ్బులో సగమైనా ఆ బడిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట శనగలకు, పొద్దుపోయాక ఇళ్ళకు వెళ్ళే ఆడపిల్లల ఆటో ఖర్చుకు పెట్టమని మీ తోటివాళ్ళను అడగండి. మెడలో దండ కంటే పిల్లల చేతిలో గుప్పెడు శనగలే ఆ మాస్టారికి ఇష్టమని మీ ఉత్తరమే చెబుతోంది.

ఇప్పుడు అసలు పని. సంస్మరణ సభ రోజున నేరుగా బడికి వెళ్ళకండి. రెండు రోజుల ముందే కనిగిరి బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళండి. సభకు నాన్నను మీ వెంట తీసుకువెళ్ళి మొదటి వరసలో కూర్చోబెట్టండి. మీరు మాట్లాడేటప్పుడు పెళ్ళి ఆగిన సంగతి చెబితే, ఆపినవాళ్ళు ఇద్దరని చెప్పండి.

అంతకు ముందు రోజు సాయంత్రం అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఒక్కటి అడగండి. మీరు వంటింట్లో ఉన్నారు, మీకేమీ వినపడలేదని రాశారు కదా. ఆ మూడు సాయంత్రాలు అక్కడ ఏం మాట్లాడుకున్నారో తెలిసిన ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోయారు. మీ మాస్టారి ఆ మాటలు ఇక మీ నాన్న దగ్గరే ఉన్నాయి.