అరల కోసం అప్పు ఎందుకు?

ప్రశ్న: మాది నెల్లూరు. రెండేళ్ల క్రితం వెయ్యి చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 42 లక్షలకు కొన్నాం. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. ఇల్లంతా సామానే, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాం. బుచ్చిరెడ్డిపాలెం నుంచి మామగారు పంపే ఏడాది బియ్యం కూడా పిల్లల గదిలోనే. వంటింటికి, రెండు గదులకు మాడ్యులర్ అల్మరాలకు 4 లక్షలు అడిగారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 72 వేలు, ఇంటి రుణం వాయిదా 26 వేలు. పర్సనల్ లోన్ 13 శాతానికి ఐదేళ్లకు ఇస్తామంటున్నారు. ఇంటి రుణం మీద టాపప్ అయితే 9 శాతమే, పదిహేనేళ్ల గడువు. అప్పు వద్దు, పాప పేరిట ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాకు కట్టడం రెండేళ్లు ఆపుదామని మావారు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: మూడూ వద్దమ్మా. అప్పు చేసి పప్పు కూడు అంటారు. మీరు పప్పు డబ్బా పెట్టుకునే అరకు కూడా అప్పు చేస్తానంటున్నారు!

ముందు లెక్క చూడండి. పర్సనల్ లోన్‌కు నెలకు సుమారు 9,100 వాయిదా. ఇంటి రుణంతో కలిపితే 35 వేలు దాటుతుంది, అంటే జీతంలో దాదాపు సగం. ఐదేళ్లలో కట్టేది 5.46 లక్షలు. టాపప్ వాయిదా 4,057 రూపాయలే కాబట్టి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ పదిహేనేళ్లు కడితే 7.30 లక్షలవుతుంది. రేటు తక్కువున్న అప్పుకే పర్సనల్ లోన్ వడ్డీకి రెట్టింపుకు మించి పోస్తారు. అదే టాపప్‌ను ఐదేళ్లలో తీర్చేస్తే వడ్డీ 98 వేలతో సరిపోతుంది. అయితే నెలకు 4 వేలు కడితే చాలన్నప్పుడు 8,300 కట్టేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

సుకన్య జోలికి వెళ్లకండి. ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా నిలుస్తుంది, నిజమే. కానీ తొలి ఏళ్లలో వేసిన సొమ్ముకే చక్రవడ్డీ ఎక్కువ కాలం అందుతుంది. ఆ రెండేళ్లు మళ్లీ రావు.

ఇక అసలు సంగతి. మీ ఫ్లాటు చదరపు అడుగు 4,200 పడింది. బియ్యం బస్తాలు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున పేర్చి ఉన్నాయనుకుందాం. అంటే 50,400 రూపాయల నేల మీద బియ్యం నిద్రపోతోంది, పిల్లలు హాల్లో చదువుకుంటున్నారు. బుచ్చి ఎంత దూరం గనక! మామయ్యగారిని వడ్లుగానే ఊళ్లో ఉంచమనండి. మూడు నెలలకోసారి మర పట్టించి రెండు మూడు బస్తాలు తెచ్చుకోండి. పురుగు బెడదా తగ్గుతుంది. పెద్దాయన నొచ్చుకోకుండా చెప్పే బాధ్యత మాత్రం మీవారిది, నాది కాదు.

మిగతా సామాను కూడా ఇలాగే చూడండి. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె, సూట్‌కేసులు, ఎయిర్ కూలర్ ఏడాదిలో కొన్నాళ్లే వాడేవి. వాటి చోటు అటక. మీ వంటింటి పైన, బాత్రూమ్ పైన కాంక్రీటు అటకలు ఉండే ఉంటాయి. తలుపులు బిగిస్తే చాలు. బాబుకు పొట్టివైన చొక్కాలు, పాప ఆడని బొమ్మలు, పోయిన ఏడాది పాఠ్యపుస్తకాలు ఇంట్లో ఉండనే అక్కర్లేదు. ఈ పని ముగిశాక కొలతలు తీయించండి. 4 లక్షల అంచనా అలాగే నిలుస్తుందని నేను అనుకోను.

చేయించేటప్పుడు పిల్లల గది ముందు, వంటిల్లు తర్వాత. కార్టూన్ బొమ్మల అల్మరా వద్దు, బాబు రెండేళ్లలో దాన్ని చూసి సిగ్గుపడతాడు. పైకీ కిందికీ జరుపుకునే పలకలు పెట్టించండి. ఈ రోజు బొమ్మలున్న అరలో రేపు పదో తరగతి గైడ్లుంటాయి. కొత్త మంచం కొంటే కింద పెట్టె ఉన్నదే కొనండి.

కొటేషన్‌లో 'ప్లైవుడ్' అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాలిలో ఉప్పు తేమ. చెక్కపొట్టును అతికించి చేసే పార్టికల్ బోర్డు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. సింకు కిందికి ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లై, పొడిగా ఉండే గదుల అల్మరాలకు ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లై చాలు. షీటు మీద ముద్ర చూసి తీసుకోండి. చదరపు అడుగు లెక్క ముందుభాగానికా, లోపలి అరలకు కూడానా, జీఎస్టీ, కీళ్లు, హ్యాండిళ్లు కలిపారా అన్నది కాగితం మీద రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

డబ్బు ఎక్కడిదంటారా? వాయిదా 9,100 కట్టగలమనే కదా అప్పు ఆలోచన వచ్చింది. అదే మొత్తాన్ని వచ్చే నెల నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పన్నెండు నెలలకు 1,09,200, పైన వడ్డీ. దాంతో పిల్లల గది, అటక తలుపులు అవుతాయి. మరుసటి ఏడాది సొమ్ముతో వంటిల్లు మొదలుపెట్టండి. ఈ ఏడాదిలో 9,100 పక్కన పెట్టలేకపోయిన నెల ఒక్కటి వచ్చినా, అప్పు తీసుకుని ఉంటే ఏమయ్యేదో మీకే తెలుస్తుంది.

ఒక్క అర మాత్రం ఇప్పుడే ఖాళీ చేయండి. ఫ్లాటు దస్తావేజులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, సుకన్య పాసుపుస్తకం, బీమా పాలసీలు ఒకే ఫైలులో పెట్టి తడవని కవరులో వేసి పై అరలో ఉంచండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీది గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఈ పనిని ఆదివారం దాకా కూడా ఆపకండి.