లావోజు అరాచకవాదా? ఒక నీరడి మనవడి జవాబు

ప్రశ్న: "చైనా పాత తత్వమైన తావో, అనార్కిజం (అరాచకవాదం) రెండూ ప్రభుత్వం వద్దనే అంటాయి కదా. రెండూ ఒకటేనా? లావోజుని తొలి అనార్కిస్టు అనొచ్చా?"

అనకూడదని నా గట్టి అభిప్రాయం. లావోజు పేరున ఉన్న తావో తె చింగ్ పుస్తకంలో 81 అధ్యాయాలూ వరసగా చదవండి, ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో మీకే తెలుస్తుంది. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపను వండినట్టు ఉండాలంటాడు 60వ అధ్యాయంలో. ఊరికే కెలికితే చేప చిదిరిపోతుంది, నిజమే. గరిటె మాత్రం రాజు చేతిలోనే ఉంది. 3వ అధ్యాయంలో ఇంకా సూటిగా, జనం మనసులు ఖాళీగా, కడుపులు నిండుగా ఉంచమని ఏలేవాడికి సలహా ఇస్తాడు. ఇది చదివాక కూడా ఆయన్ని తీసుకెళ్ళి రష్యా అనార్కిస్టు క్రొపోట్కిన్ పక్కన కూర్చోబెడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇదంతా నాకు పుస్తకాలతో మొదలవలేదు. నీళ్ళ దగ్గర మొదలైంది.

కంపెనీ తరఫున టర్బైన్ విడిభాగాల తనిఖీకి వెళ్ళి చైనాలోని సిచువాన్‌లో పద్నాలుగు నెలలున్నాను. ఏప్రిల్ మొదట్లో చింగ్‌మింగ్ పండగ వస్తుంది, సమాధులు శుభ్రం చేసి పెద్దల్ని తలుచుకునే రోజు. ఆ సెలవుల్లో నాతో పనిచేసే అతను వాళ్ళ నాన్నతో పాటు నన్నూ దూజియాంగ్‌యాన్ తీసుకెళ్ళాడు. ఆ పక్కనే చింగ్‌చెంగ్ కొండ, తావో మతానికి పుట్టిల్లు లాంటిది. మిన్ నది కొండలు దిగి మైదానంలోకి వచ్చేచోట, క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి కట్టించిన నీటి పథకం ఈ దూజియాంగ్‌యాన్. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. నడిమధ్య చేప మూతి ఆకారంలో ఒక గట్టు, దానికి తగిలి నది రెండు పాయలవుతుంది. లోపలి పాయ పొలాలకు, బయటి పాయ వరదకు. లోపలి పాయలో నీళ్ళు ఎక్కువైతే, ఎత్తు తక్కువగా కట్టిన ఒక కట్ట మీది నుంచి పొర్లి, ఇసుకనూ రాళ్ళనూ మోసుకుంటూ మళ్ళీ బయటి పాయలోనే పడతాయి. ఈ పథకం కింద ఈనాటికీ ఆరు లక్షల హెక్టార్ల పైన పారుతోంది.

మేం వెళ్ళిన రోజు నీళ్ళు వదిలే పండగ. పూర్వం చలికాలంలో మూడు కాళ్ళ కర్రల వరస పాతి, ఒక పాయ ఎండగట్టి, పూడిక తీసేవాళ్ళట. వెదురు బుట్టల్లో రాళ్ళు నింపి గట్లు సర్దేవాళ్ళట. పని అయ్యాక చింగ్‌మింగ్ నాడు ఆ కర్రల తాళ్ళు నరికి నీళ్ళు వదిలేవాళ్ళు. ఇప్పుడు గేట్లున్నాయి, కర్రలు పండగ కోసమే పాతుతారు. పాతకాలం అధికారి వేషంలో ఒకాయన పైనుంచి ఆజ్ఞ చదివాడు. కింద నడుం దాకా నీళ్ళలో నిలబడ్డవాళ్ళు గొడ్డళ్ళతో తాళ్ళు నరికారు. ఇంకొందరు తాడు పట్టి లాగారు. కర్రలు ఒక్కసారిగా ఒరిగాయి, నీళ్ళు ఉరికాయి. జనం కేకలు. మా పక్కన నిలబడ్డ ముసలాయన, అంటే నా స్నేహితుడి తండ్రి, చిన్నప్పుడు ఆ మొదటి నీళ్ళతో పాటు పిల్లలంతా ఒడ్డు వెంట పరిగెత్తి రాళ్ళు విసిరేవాళ్ళమని చెప్పాడు. ఆ ముసలాయన నాన్న, పొలాలన్నీ ఉమ్మడిగా ఉన్న కమ్యూన్ రోజుల్లో ఈ పూడిక పనికే వచ్చేవాడట, రోజుకిన్ని అని పని పాయింట్లు రాసేవాళ్ళట.

తర్వాత ఆ పొట్టి కట్ట చూపించి "మీ దగ్గర దీన్నేమంటారు?" అని అడిగాడు.

"మత్తడి" అన్నాను.

మా తాత మా ఊరి చెరువు నీరడి అని చెప్పాను. తూము తీసేదీ మూసేదీ ఆయనే. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు ఎక్కాలో వంతు చూసేదీ ఆయనే. సర్కారు జీతం లేదు, ఆయకట్టు రైతులు కల్లాల దగ్గర కొలిచే మేరే బతుకు. ముసలాయన కాసేపు ఆలోచించి, "మరి ఆయన అన్యాయం చేస్తే?" అన్నాడు. "మేర ఆపేస్తారు" అన్నాను. తలూపాడు.

అప్పటికి చెప్పనిది ఇక్కడ చెబుతాను. మా తాత జవానీలో వంతు అందరికీ ఉండేది, దొరకు తప్ప. దొర పొలానికి ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు. పూడిక తీసేది వెట్టి మనుషులు. దొర ఊరు విడిచి పట్నం చేరాక మొదటిసారి చివరి మళ్ళ దాకా నీళ్ళు పోయినయట. "దొర పోయినంక చెరువుల నీళ్ళు పెరిగినయిరా" అనేవాడు తాత. అదే చెరువు, అవే వానలు.

అందుకే దూజియాంగ్‌యాన్ గురించి "రాళ్ళలో చెక్కిన తావో" అని ఎవరైనా మురిసిపోతే నేను సగమే ఒప్పుకుంటాను. అక్కడి అర్వాంగ్ గుడి తావో గుడే. దాని గోడ మీద "నది అడుగుభాగాన్ని లోతుగా తవ్వు, మత్తడి ఎత్తు లేపకు" అని అర్థమొచ్చే ఆరు అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా తాత చూసుంటే మెచ్చుకునేవాడు. నీటి వాలును బట్టి పోవడం, బలవంతం చేయకపోవడం, తావో తత్వం చెప్పే వూవెయ్ అంటే ఇదే. కానీ లీ బింగ్ చిన్ రాజ్యపు ఉద్యోగి. చట్టాల కాఠిన్యానికి పేరుపడ్డ రాజ్యం అది. ఈ నేలలో పండిన బియ్యం దాని సైన్యాలకు బలమైంది, క్రీ.పూ. 221 నాటికి చైనా అంతా దాని కాళ్ళ కిందికి వచ్చింది. లావోజు మీద మనకు దొరికిన తొలి వ్యాఖ్యానాల్లో ఒకటి రాసింది కూడా హాన్ ఫెయ్, కఠిన దండనీతిని సమర్థించినవాడు. నీళ్ళతో నేర్పుగా నడుచుకోవడం దొరకూ తెలుసు, చక్రవర్తికీ తెలుసు. వంతు తప్పే హక్కు ఎవరికుంది అని అడిగినప్పుడే నా లెక్కలో అరాచకవాదం మొదలవుతుంది.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు తావో దారిలో లేకపోలేదు. జువాంగ్‌జు అనే ఇంకో తావో తాత్వికుడి పుస్తకంలో 9వ అధ్యాయం గుర్రాల గురించి. గుర్రానికి గడ్డి, నీళ్ళు, పరిగెత్తడానికి నేల ఉంటే చాలు. బో లె అనే మచ్చిక నిపుణుడు వచ్చి వాతలు పెట్టి, డెక్కలు చెక్కి, కళ్ళేలు బిగిస్తాడు. మొదట పదింట్లో రెండు మూడు చస్తాయి, శిక్షణ పూర్తయ్యేసరికి సగానికి పైనే పోతాయి. లోకం మాత్రం బో లె గొప్పవాడంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది గుర్రం వైపు నుంచి. లావోజుకూ జువాంగ్‌జుకూ నాకు కనిపించే తేడా అదే. 75వ అధ్యాయంలో జనం ఆకలికి పైవాళ్ళు తినే పన్నులే కారణమన్నప్పుడు లావోజు కూడా ఇటువైపు వస్తాడు. నిలబడడు.

అందరికంటే ముందుకు వెళ్ళినవాడు బావో జింగ్‌యాన్, క్రీ.శ. 300 ప్రాంతపు మనిషి. ఆయన రాతలు విడిగా మిగల్లేదు. గె హోంగ్ అనే తావో పండితుడు ఆయన్ని ఖండిస్తూ రాసిన అధ్యాయంలో ఎత్తిచూపిన మాటలే మనకు దక్కాయి. రాజుల్ని దేవుడు పెట్టాడంటారు, ఆ మాట దేవుడు చెప్పాడా, లాభపడేవాళ్ళు చెప్పారా అని అడుగుతాడు. బలమున్నవాడు బలం లేనివాణ్ణి తొక్కితే వాడు లొంగాడు, రాజూ సేవకుడూ అలా పుట్టారంటాడు. నీటికుక్కలు ఎక్కువైతే చేపలకు కష్టం, డేగలు ఎక్కువైతే పిట్టలకు కష్టం, అధికారులు వస్తే జనానికి కష్టం. మా దొర సంగతి నాకు ఈ వాక్యాల్లోనే అర్థమైంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సిచువాన్‌కు ఉత్తరాన హాన్‌జోంగ్‌లో జాంగ్ లూ అనే తావో గురువు దాదాపు 30 ఏళ్ళు ఒక ప్రాంతాన్ని నడిపాడు. దారుల వెంట సత్రాలు, వాటిలో బియ్యం, మాంసం ఉంచేవాళ్ళు. బాటసారి తనకెంత అవసరమో అంత తినొచ్చు. తప్పు చేస్తే మూడుసార్లు క్షమ, ఆ తర్వాతే శిక్ష. చిన్న తప్పులకు వంద అంగల బాట బాగుచేస్తే సరి. జిల్లా అధికారులు లేరు, గురువులే చూసుకునేవాళ్ళు. 215లో జాంగ్ లూ, ఉత్తర చైనాను ఏలుతున్న సేనాని త్సావో త్సావోకు లొంగిపోయి బిరుదు తీసుకున్నాడు. ఆయనా ఏలికే, ఒప్పుకుంటాను. ఆ సత్రాల్లో తిన్నవాళ్ళకు మాత్రం అది నిజంగా జరిగింది.

మన భాష మీద నాకో ఫిర్యాదు ఉంది. పేపర్లో "అరాచకం" అంటే రౌడీలు దుకాణాలు పగలగొట్టడం. మాట పుట్టుక చూస్తే రాజు లేకపోవడమే. దీనికి కొంత కారణం రామాయణమని నేననుకుంటాను. దశరథుడు పోయాక అయోధ్యాకాండలో ఒక సర్గ సర్గంతా రాజు లేని దేశంలో వానలు పడవని, పంటలు వేయరని, భార్య భర్త మాట వినదని ఏకరువు పెడుతుంది. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పింది ఎవరికీ గుర్తుండదు: మొదట రాజ్యం లేదు, రాజు లేడు, దండన లేదు, దండించేవాడూ లేడు, జనం ధర్మంతో ఒకరినొకరు కాపాడుకునేవాళ్ళని. తర్వాత ఆయన కూడా రాజు కావాలనే తేలుస్తాడు, అది వేరే సంగతి. బడిలో ఆ ఒక్క శ్లోకం చెప్పుంటే ఈ ప్రశ్న అడగడానికి మనం చైనా దాకా పోనక్కర్లేకపోయేది.

చైనా అనార్కిస్టుల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. 1907లో టోక్యోలో ఉన్న లియు షిపెయ్ లావోజుని తమ పూర్వీకుడన్నాడు. అదే ఏడు పారిస్‌లో పత్రిక నడుపుతున్న చైనా బృందానికి పాత గ్రంథాలంటే పడదు, వాళ్ళకు సైన్సూ క్రొపోట్కినూ చాలు. సిచువాన్ రాజధాని చెంగ్డూలో పుట్టిన రచయిత బా జిన్ తన కలంపేరులో "జిన్" అనే అక్షరాన్ని క్రొపోట్కిన్ పేరు చివరి నుంచే తీసుకున్నాడు. దూజియాంగ్‌యాన్ నీళ్ళు పారే ఊరి మనిషి ఆయన.

చదవాలనుకుంటే లావోజుతో మొదలుపెట్టకండి. ఫోన్లలో పంచే లావోజు సూక్తుల్లో చాలావాటిని నేను తావో తె చింగ్‌లో వెతికి దొరక్క వదిలేశాను. ముందు జువాంగ్‌జులో ఆ గుర్రాల అధ్యాయం చదవండి, పావుగంట పట్టదు. తర్వాత గె హోంగ్ ఖండన. అందులో గె హోంగ్ జవాబుల్ని దాటేసి, బావో మాటలే ముందు చదవండి.